పనివాడి పొరపాటు

నోటీసును నూలక్క మూడుసార్లు చదివింది. మొదటిసారి తనకోసం, రెండోసారి తండ్రి కోసం, మూడోసారి వంటగదిలోంచి తడిచేతులతో వచ్చి "ఏంటీ, మళ్లీ చెప్పు" అన్న తల్లి కోసం. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది ఒకటే. దూలాన్నీ స్తంభాన్నీ ఇనుము లేకుండా కొయ్యసీలతో కలిపే ఫలానా జాయింటు ఫలానా డిజైనరు పేర రిజిస్టరయింది కాబట్టి, ఈ షెడ్డులో ఆ జాయింటు కొయ్యడం వెంటనే ఆపెయ్యాలి. ఆపకపోతే చట్టప్రకారం చర్య ఉంటుంది. కింద గుండ్రటి ముద్ర, దానిమీద అడ్డంగా ఆ డిజైనరు సంతకం.

ముసలిమేస్త్రి అప్పుడు దుంగకు రెండువైపులా కాళ్లు వేసుకు కూర్చుని కుసి చెక్కుతున్నాడు. కుసి అంటే దూలం కొసన నాలుకలా వదిలే ముక్క. అది స్తంభంలో తొలిచిన బెజ్జంలోకి వెళ్లి కూర్చున్నాక, రెండింటికీ అడ్డంగా వేసిన కన్నంలోకి కొయ్యసీల దిగ్గొడతారు. ఇక ఆ రెండూ మొగుడూ పెళ్లాల్లా ఎంత కీచులాడుకున్నా విడిపోవు. ఆయన యాభై ఏళ్లుగా చేస్తున్న పని అదే. ఆయన తండ్రి చేసిందీ అదే.

"అంటే ఏంటమ్మాయ్?" అన్నాడు ఉలి పైకి ఎత్తకుండానే.

"అంటే నువ్వు ఇక కుసి కొయ్యకూడదు నాన్నా."

"ఈ దూలానికా?"

"ఏ దూలానికీ."

"ఇది సగంలో ఉంది. దీన్నన్నా పూర్తి చేసుకోవచ్చేమో అడుగు."

"ఎవర్నడగను?"

ముసలాయన కాగితం వైపు చూశాడు, అదేదో జవాబు చెబుతుందన్నట్టు. ముద్ర ఉన్న కాగితమంటే ఆయనకు మొదట్నుంచీ భయం. కోర్టు కాగితమైనా, కరెంటాఫీసు కాగితమైనా చొక్కా గుండీలు పెట్టుకుని మరీ అందుకునే మనిషి. మెల్లగా దుంగ మీంచి దిగాడు. ఉలి అంచును బొటనవేలితో తడిమి, నూనెగుడ్డతో తుడిచి, పాత లుంగీముక్కలో చుట్టి పెట్టెలో పెట్టాడు. తర్వాత రెండో ఉలి. తర్వాత మూడోది. చచ్చినవాళ్ల బట్టలు సర్దినట్టు సర్దుతుంటే నూలక్క చూడలేక మొహం తిప్పుకుంది.

"దొంగకు తాళంచెవి ఇవ్వడమే కాకుండా, పీటవేసి టీ కూడా పోశాం కదే," అంది తల్లి. "నువ్వే కదూ, సారుకు చక్కెర తక్కువ అని చెప్పి మరీ పోయించావు!"

నిజమే. నిరుడు మూడు వారాలపాటు ఆ డిజైనరు ఈ షెడ్డులోనే బాసింపట్టు వేసుక్కూర్చుని గీసుకున్నాడు. పాత పల్లెటూరి కొయ్యిళ్లలా, సిమెంటూ ఇనుమూ లేని ఇళ్లు కట్టాలని ఉందన్నాడు. ముసలాయన మురిసిపోయి అడిగిందానికీ అడగందానికీ చెప్పాడు. తన చేత్తో నమూనా జాయింటొకటి కోసి, తువ్వాల్లో చుట్టి ఇచ్చి పంపాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

నూలక్కకు ఏడుపు రాలేదు. కసి వచ్చింది. టింబరు డిపోలో ఆమెకు ఆ పేరు ఊరికే పడలేదు. వడ్రంగం లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. దుంగ ఒక్క నూలు తక్కువ కోశారని రంపంమిల్లు మొత్తాన్ని నిలబెట్టి కడిగేసిన మనిషి. నూలు దగ్గరే వదలని మనిషి ఇది వదులుతుందా? ఆ సంతకం పెట్టిన చెయ్యి నలుగురి ముందూ వణకాలి. అది చూసేదాకా తనకు అన్నం సయించదనుకుంది. అనుకుని, నోటీసును నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

*

మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు స్కూటరు ఆగింది. దిగినవాడు కొండవాలు మీద కడుతున్న ఆ కొయ్యిళ్ల కాలనీ సూపర్‌వైజరు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. ఇవాళ మాత్రం తిన్నగా కాళ్ల దగ్గరికే వచ్చాడు.

"పెద్దాయన ఒక్కసారి వచ్చి చూడాలి. సారు పంపలేదు, నేనే వచ్చాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఒకటో నంబరింట్లో శబ్దాలొస్తున్నాయి. దూలం దగ్గర సందు కనిపిస్తోంది. సారునడిగితే చెక్క ఊపిరి తీసుకుంటోందంటారు. శుక్రవారం ఇళ్లకు అనుమతిచ్చే ఆఫీసరమ్మ తనిఖీకి వస్తోంది. ఆవిడ సరేనంటే ఈ పన్నెండు కాక ఇంకో రెండొందల ఇళ్లు. కాదంటే ముందు పోయేది నా ఉద్యోగం."

ముసలాయన తలూపాడు, అడ్డంగా. "కాగితం వచ్చింది బాబూ. నేను ముట్టుకోకూడదు."

"నేనొస్తాను," అంది నూలక్క. "చూడ్డానికి నోటీసు అడ్డం కాదుగా!"

ఆమె వెళ్లింది సాయం చెయ్యడానికి కాదు, కళ్లారా చూసి సంతోషించడానికి. కానీ బస్సు చివరి స్టాపు దాటి, వాలెక్కి ఒకటో నంబరిల్లు చూసేసరికి ఒళ్లు ఇంకా మండింది. ఎందుకంటే ఇల్లు బాగుంది. నేలకు జానెడెత్తున రాతి దిమ్మెల మీద నిలబెట్టిన స్తంభాలు, చుట్టూ వసారా, వాన గోడను తాకనివ్వకుండా కిందికి దిగిన చూరు. ఎదురెదురు కిటికీల మధ్య గాలి చుట్టంలా వచ్చి పోతోంది. నాన్న చెప్పినవన్నీ ఉన్నాయి. నాన్న ఒక్కడే లేడు. గుమ్మం పక్కన బిగించిన రాగిరేకు మీద డిజైనరు పేరు మాత్రం మెరుస్తోంది.

ఆ ఇంట్లో ఉంటున్నది ఒక బస్సు కండక్టరు. డ్యూటీకి తయారై, భుజానికి సంచీతో తలుపు తీసింది.

"ఇల్లు బంగారం అక్కా," అంది. "మధ్యాహ్నం కూడా ఫ్యానక్కర్లేదు. కానీ ఉన్నట్టుండి టక్కుమంటుంది. మా అత్త ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. అందుకే ఆవిడ మంచం దూలం కిందనుంచి తీసి వంటగదిలో వేశాను. అక్కడేమో పొగకు దగ్గు."

వంటగదిలోంచి నిజంగానే దగ్గు వినిపించింది. నూలక్క వసారా మూల స్తంభం దగ్గరికి వెళ్లి కిందనుంచి పైదాకా చేత్తో రాసింది. మిషను కోత. అద్దంలా ఉంది, వంక పెట్టడానికి లేదు. కుసి మొదట్లో దూలం భుజం స్తంభానికి ఆనాల్సిన చోట మాత్రం సందు. ఇనపస్కేలు పెడితే లోపలికి వెళ్లిపోయింది. స్టూలెక్కి సీల మీద బొటనవేలు పెట్టి నెట్టింది.

సీల కదిలింది. అవతలివైపునుంచి పట్టుకు లాగితే సుద్దముక్కలా చేతిలోకి వచ్చేసింది.

నూలక్క దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. ఎక్కడా వంపు లేదు. కన్నంలోకి ఒక కన్ను పెట్టి చూసింది. స్తంభం కన్నం, కుసి కన్నం, మళ్లీ స్తంభం కన్నం, మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. అవతల కొండ కనిపిస్తోంది.

ఆమెకు నవ్వాగలేదు. నాన్న కుసి కన్నాన్ని ఎప్పుడూ ఒక నూలు లోపలికి, భుజం వైపుకు జరిపి వేస్తాడు. సీల కొడుతుంటే వంగి, దూలాన్ని స్తంభంలోకి లాక్కుంటుంది. చెక్క ఎండి కుదించుకుపోయేకొద్దీ ఆ వంగిన సీల ఇంకా లాగుతూనే ఉంటుంది, ఏళ్ల తరబడి. ఇక్కడ తిన్నటి కన్నంలో తిన్నటి సీల. చెక్క ఎండింది, పట్టు పోయింది. ఒకటో నంబరొక్కటే కాదు. మిషను పన్నెండిళ్లూ ఇలాగే కోసి ఉంటుంది.

"ఏంటక్కా, నవ్వుతున్నారు?" అంది కండక్టరు.

ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెబితే ఏమవుతుంది? డిజైనరు గుట్టుచప్పుడు కాకుండా బాగుచేయించుకుంటాడు, రాగిరేకు మీద పేరు అలాగే ఉంటుంది, నాన్న ఉలి లుంగీముక్కలోనే ఉంటుంది. చెప్పకపోతే? వేసవి గాలులు మొదలవగానే పన్నెండిళ్లూ వేలు దూరేంత నోళ్లు తెరుస్తాయి. ఇప్పుడప్పుడే పడిపోయేదేమీ లేదు. పరువు మాత్రం పడుతుంది.

సీలను మళ్లీ కన్నంలోకి నెట్టేసి స్టూలు దిగింది.

"బాగానే ఉంది. కొత్తిల్లు కదా, ఒళ్లు విరుచుకుంటోంది."

సూపర్‌వైజరు ప్రాణం లేచి వచ్చినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. సైటుపుస్తకం తెచ్చి, "చూసినట్టు ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి" అన్నాడు. నూలక్క రాసింది: బాగానే ఉంది. కింద తేదీ వేసి సంతకం చేసింది.

"అయితే మంచం మళ్లీ ఇక్కడ వేసుకోవచ్చా అక్కా?" అని అడిగింది కండక్టరు.

నూలక్క స్టూలును గోడవారగా జరిపింది. "వేసుకోండి," అంది.

కండక్టరు తలవైపు, తను కాళ్లవైపు పట్టుకుని మంచాన్ని తెచ్చి దూలం కింద వేశారు. ముసలావిడ చెక్కగోడ పట్టుకు నడిచొచ్చి, పడుకుని, గాలి మొహానికి తగలగానే "చల్లగా ఉండు తల్లీ" అంది. అది ఇంటినందో తననందో నూలక్కకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

*

ఇంటికొచ్చి సంబరంగా చెప్పింది. తల్లి "బాగా అయింది సచ్చినోడికి!" అని చేతులు తుడుచుకుంది. ముసలాయన మాత్రం ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా పనిలేక, గోరుతో బల్ల అంచు గీకుతున్నాడు.

"తిన్నగా వేశాడా కన్నం?" అన్నాడు నమ్మలేనట్టు.

"తిన్నగా. నువ్వు ఆ రహస్యమొక్కటీ దాచావు నాన్నా. ఎంత మంచిపని చేశావో!"

"దాచడమేంటే?" ముసలాయనకు కోపం వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషికి కోపమొస్తే మీసం అదురుతుంది. "నేను దాచలేదు. నమూనాలో పక్కకే వేసిచ్చాను. నోటితో కూడా చెప్పాను. దాచుకోడానికి ఇదేమన్నా దొంగసొత్తా?"

"మరి వాడు తిన్నగా ఎందుకు వేశాడు?"

"ఏమో. ఎన్నిళ్లు?"

"పన్నెండు."

"పన్నెండింట్లోనూ మనుషులున్నారా?"

మంచం సంగతి ఆమె అసలు చెప్పనేలేదు.

"రేపు పొద్దున్నే వెళ్లి చెప్పేసిరా," అన్నాడు ముసలాయన. "బాగానే ఉందని అనేశావుగా, లేదని చెప్పు. నేను ముట్టుకోకూడదుగానీ నువ్వు చెప్పకూడదని కాగితంలో లేదు."

అందుకని మర్నాడు మళ్లీ బస్సెక్కింది. తిట్టుకుంటూనే ఎక్కింది. తాతకు దగ్గులు నేర్పేవాడికి తన తండ్రి ఇంకా పాఠం చెప్పమంటాడేమిటని దారిపొడుగునా గొణుక్కుంది. అయినా చెప్పేద్దామనే బయల్దేరింది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

సైటాఫీసంటే ఒక రేకుల గది. సూపర్‌వైజరు తనిఖీ కోసం డ్రాయింగులన్నీ బల్లమీద పరిచి, ఎగిరిపోకుండా మూలల్లో రాళ్లు పెట్టి వరసగా సర్దుతున్నాడు. నూలక్క నోరు తెరవబోతూ, అన్నిటికంటే అడుగున ఉన్న కాగితం దగ్గర ఆగిపోయింది. అది నాన్న నమూనా బొమ్మ. పెన్సిలుతో గీసింది. అందులో కుసి కన్నం పక్కకే ఉంది, సరిగ్గా ఒక నూలు. దానిచుట్టూ ఎర్రసిరా సున్నా చుట్టి, బాణం గీసి, పక్కన అందమైన దస్తూరీతో డిజైనరు మూడు ముక్కలు రాశాడు.

"కన్నం ఒక నూలు తప్పింది. పనివాడి పొరపాటు. సరిచేశాను."

పైనున్న రిజిస్టరు కాపీలో కన్నం తిన్నగా ఉంది.

నూలక్క ఆ మూడు ముక్కలూ వేలితో చూపుకుంటూ చదువుకుంది. దొంగతనమైతే ఇంత బాధుండేది కాదు. దొంగ కనీసం విలువ తెలిసి ఎత్తుకుపోతాడు. వీడు యాభై ఏళ్ల చేతిని తప్పని దిద్దాడు. తప్పని దిద్ది, ఆ దిద్దినదాన్ని తనదని రాయించుకుని, అది చెయ్యడానికి నీకు వీల్లేదని ఆ చేతికే నోటీసు పంపాడు. నాన్నకు ఇది చదివి వినిపించడం ఎలా?

"ఏదో చెప్పాలని వచ్చారు?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఏం లేదు," అంది. "ఈ కాగితానికి ఒక జిరాక్సు తీసివ్వు."

"అమ్మో, సారు..."

"శుక్రవారం తర్వాత నీ ఉద్యోగం ఉండాలా, వద్దా?"

జిరాక్సు వచ్చింది. దాన్ని నోటీసుతోపాటు మడిచి దోపుకుని వాలు దిగింది. ఇప్పుడు చెబితే ఈ రేకుల గదిలో, సూపర్‌వైజరొక్కడి ముందు చెప్పినట్టు. రేపైతే అందరి ముందూ. ఒక్కరోజు. ఒక్క రోజులో కొంపలేం మునగవు. ఒకటో నంబరింటి ముందునుంచి పోతూ తలతిప్పి చూసింది. కండక్టరు డ్యూటీకి వెళ్లినట్టుంది. వసారాలో, దూలం కింద మంచం మీద ముసలావిడ నోరు కొద్దిగా తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. నూలక్క నడక వేగం పెంచి బస్సు అందుకుంది.

చెప్పావా అని అడిగాడు ముసలాయన.

"రేపు ఆఫీసరమ్మ ముందే చెప్పమన్నారు నాన్నా. నిన్ను కూడా రమ్మన్నారు," అంది. పెట్టె తెరిచి సుత్తీ, కన్నాలు వేసే బరమా తీసి సంచిలో వేసుకుంది. ఆయన ఉతికిన చొక్కా వెతుక్కోడానికి లోపలికి వెళ్లాడు.

*

ఆఫీసరమ్మ పొట్టిగా, గొడుగుతో, మాటకు మాట కొలిచి మాట్లాడే మనిషి. ఒకటో నంబరింటి వసారాలో ఇరవైమంది చేరారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, డిజైనరు స్నేహితులు, ఫోన్లెత్తి వీడియోలు తీసేవాళ్లు. కండక్టరు సెలవు పెట్టుకుంది. వాళ్ల అత్త మంచం మీదే కూర్చుంది. డిజైనరు నూలుచొక్కా వేసుకుని, స్తంభం మీద ప్రేమగా చెయ్యేసి మాట్లాడుతున్నాడు. ఈ చెక్క పెంచిన తోటల్లోది, కొట్టిన చెట్టుకు రెండు మొక్కలు నాటాం, ఈ ఇల్లు నూరేళ్ల తర్వాత మళ్లీ మట్టిలో కలుస్తుంది, ఇదంతా మన పల్లెల తెలివి. అతని మాటల్లో అబద్ధం లేదు. అదే నూలక్కకు ఎక్కువ మంట.

"నాకు చెట్టూ తెలీదు, చెక్కా తెలీదు," అంది ఆఫీసరమ్మ. "ఇందులో మనుషులుంటారు. శబ్దం ఎందుకొస్తోందట?"

"చెక్కకు ప్రాణముంటుంది మేడం. ఊపిరి తీసుకుంటుంది."

"ఊపిరి తీసుకుంటే మంచిదే సార్," అంది నూలక్క జనం వెనకనుంచి. "ఇది పళ్లు కొరుకుతోంది."

జనం దారిచ్చారు. నూలక్క ముందుకొచ్చి కండక్టరును ఒక బస్సు టిక్కెట్టు అడిగి తీసుకుంది. స్టూలెక్కి దూలానికీ స్తంభానికీ మధ్య సందులో పెట్టింది. టిక్కెట్టు కొసదాకా లోపలికి వెళ్లిపోయింది. వీడియోలు తీసే ఫోన్లన్నీ ఇటు తిరిగాయి.

"మీరెవరు?" అంది ఆఫీసరమ్మ.

"ఈ జాయింటు కోసే మేస్త్రి కూతుర్ని. ఆయన మా నాన్న."

"అయితే ఆయన్నే సరిచెయ్యమనండి."

"చెయ్యకూడదండీ." నూలక్క నోటీసు తీసి చేతికిచ్చింది. "మా నాన్న ముట్టుకుంటే నేరం. హక్కు సారుది. సారే చెయ్యాలి." సంచిలోంచి కొయ్యసుత్తి తీసి, పిడి అటువైపు తిప్పి, ఎంతో మర్యాదగా డిజైనరుకు అందించింది.

అతను తీసుకోక తప్పలేదు. స్టూలెక్కాడు. సుత్తిని మెడ దగ్గర పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే దెబ్బలో బలముండదు. సీల మీద ఒకటి వేశాడు. సీల కన్నంలోంచి జారి అవతలికి పోయి, కిందపడి, దొర్లుకుంటూ మంచం కిందికి వెళ్లింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సప్లై చేసిన చెక్క సరిగా ఎండలేదు మేడం," అన్నాడు డిజైనరు. ఆడలేక మద్దెల ఓడన్నాడట. సుత్తి పట్టుకున్న చెయ్యి కొద్దిగా వణికింది. నూలక్క ఆ వణుకును కంటినిండా చూసింది.

"చెక్క సంగతి కాదండీ, కన్నం సంగతి," అంటూ జిరాక్సు ఇచ్చింది. "మీ రాతే. చదవండి సార్, అందరికీ వినబడేట్టు."

అతను చూశాడు. మొహం తెల్లబడింది. కాగితం మడవబోయాడు.

"పైకి చదవండి," అంది ఆఫీసరమ్మ.

"కన్నం... ఒక నూలు తప్పింది. పనివాడి పొరపాటు. సరిచేశాను."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు ముసలాయన ముందుకొచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

"పొరపాటు కాదు బాబూ. అలా వేస్తేనే సీల లాగి పట్టుకుంటుంది. మీకు చెప్పాను కదా."

"చెప్పారు," అన్నాడు డిజైనరు నేలచూపులతో. "నేను... మీ చెయ్యి వణికిందనుకున్నాను."

ముసలాయన తన చెయ్యి ఎత్తి చూసుకున్నాడు, ముందూ వెనకా. అది కదలకుండా ఉంది.

ఆఫీసరమ్మ రిజిస్టరు కాపీనీ పెన్సిలు బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసింది. "మీ పేర ఉన్నది తిన్నటి కన్నం. ఈయన వేసేది పక్క కన్నం. ఇదీ అదీ ఒకటేనా?"

"కాదు."

"అయితే ఈ నోటీసు ఈయనకు వర్తించదని దీని మీదే రాసి సంతకం పెట్టండి. పన్నెండిళ్లూ ఈయన బాగుచేసేదాకా మిగతా ఇళ్ల ఫైలు నా బల్ల దాటదు."

డిజైనరు గోడకు కాగితం ఆనించి రాశాడు. పెన్ను రెండుసార్లు ఆగింది. ఆ కాగితం చేతికొచ్చినప్పుడు నూలక్కకు నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. కసి తీరితే ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమెకు తెలియదు. పీక పిసికినంత తృప్తి. నలుగురి ముందూ, వాడి రాతే, వాడి నోటితోనే. ఇంతకంటే ఏం కావాలి?

ఆఫీసరమ్మ తన మాట రాయడానికి సైటుపుస్తకం తెప్పించుకుంది. పేజీలు తిప్పుతూ ఆగింది.

"బాగానే ఉంది," అని పైకి చదివింది. "తేదీ మొన్నటిది. ఈ సంతకమెవరిది?"

సూపర్‌వైజరు నూలక్క వైపు చూశాడు. కండక్టరే జవాబు చెప్పింది. "ఈ అక్కదే. మొన్న స్టూలెక్కి చూసి, బాగానే ఉందన్నారు. మా అత్త మంచం దాని కింద వేసుకోమన్నారు. తనూ ఒక పక్క పట్టారు."

ముసలాయన తలతిప్పి కూతుర్ని చూశాడు.

"అప్పటికి మీకు తెలిసుండదు," అంది ఆఫీసరమ్మ, రాసుకోడానికి పెన్ను సిద్ధంగా పట్టుకుని. "అంతేనా?"

తెలియదు అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా మింగేసి ఊరుకోవచ్చు, ఎవరూ పట్టుకోలేరు. కానీ తండ్రి చూస్తున్నాడు. సీల చేతికి రాగానే కన్నం తిన్నగా ఉందని కనిపెట్టానని ఆ సాయంత్రమే గొప్పగా చెప్పుకుంది ఆయనకే.

"తెలుసు," అంది నూలక్క.

"మొన్ననే తెలుసా?" అంది కండక్టరు. గొంతు పెంచలేదు. "మా అత్త రెండు రోజులు దాని కింద పడుకుంది."

"పడిపోయేది కాదు. నేను చూశాను, ఇప్పట్లో..."

"మీరు చూశారు. మాకు చెప్పలేదు." కండక్టరు అత్తను లేవదీసి, ఆవిడ చెయ్యి తన భుజం మీద వేసుకుంది. తర్వాత ఆఫీసరమ్మ వైపు తిరిగి, "పెద్దాయన బాగుచేస్తే చెయ్యనివ్వండి మేడం," అంది. "ఆ సారూ, ఈవిడా మాత్రం మా ఇంట్లో అడుగు పెట్టకూడదు. అదొక్కటి రాయండి."

ఆఫీసరమ్మ రాసింది.

నూలక్క తండ్రి వైపు చూసింది. ఏదైనా అంటాడని, తిట్టినా బాగుండునని. ఆయన స్టూలు మీదున్న సుత్తి తీసుకుని, "బరమా ఏ సంచిలో ఉంది?" అని అడిగాడు. చెప్పింది. ఆయన వంగి వెతుక్కున్నాడు. తర్వాత సూపర్‌వైజరును పిలిచి, దూలం కింద జాకీ పెట్టమని, అవతలి కొస ఎలా పట్టుకోవాలో చూపించడం మొదలుపెట్టాడు.

ఆమె వసారా మెట్లు దిగి వచ్చేసింది. ఇంటి పక్కన మిగిలిపోయిన పలకల దొంతర ఉంది. డిజైనరు అప్పటికే దాని మీద కూర్చుని ఉన్నాడు. స్నేహితులెవరూ పక్కన లేరు. నూలక్క నాలుగడుగుల దూరంలో నిలబడింది. వసారాలోంచి స్తంభాన్ని బయటికి జరుపుతున్న రాపిడి, ముసలాయన "నెమ్మది, నెమ్మది" అనడం వినబడ్డాయి. తర్వాత చాలాసేపు బరమా తిరిగింది. పాత కన్నం పూడ్చి కొత్తది వేస్తున్నట్టున్నాడు. ఆ తర్వాత సుత్తి దెబ్బలు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు దూలం మూలిగి స్తంభాన్ని చేరిన చప్పుడైంది. జనం ఒక్కసారిగా "ఆఁ" అన్నారు.

"మీకు నిజంగా మొన్ననే తెలుసా?" అన్నాడు డిజైనరు.

"తెలుసు."

"తెలిసే చెప్పలేదా?"

నూలక్క చేతిలోని కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. అతను ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. వెక్కిరింపేమీ లేదు ఆ చూపులో. దొంతర మీద ఇద్దరికి చోటుంది. అతను పలకల మీది రంపంపొట్టు చేత్తో దులిపి, కొంచెం పక్కకు జరిగాడు.

"కూర్చోండి," అన్నాడు.